ముఖం ఆనీ ఓండ్రాది, గొంతు జోన్ బారీది

1929లో లండన్‌కు ఉత్తరాన ఎల్‌స్ట్రీ స్టూడియోలో 'బ్లాక్‌మెయిల్' సినిమాకు మాటలు జోడిస్తున్నప్పుడు, కథానాయిక ఆలిస్ వైట్ పలికే ప్రతి వాక్యానికీ ఇద్దరు నటీమణులు పనిచేశారు. కెమెరా ముందు ఆనీ ఓండ్రా. ఫ్రేముకు అవతల, విడిగా ఒక మైకు ముందు జోన్ బారీ. ఓండ్రా శబ్దం రాకుండా పెదవులు కదిపేది. అదే క్షణంలో బారీ ఆ మాట పలికేది. చిత్రీకరణ అయ్యాక తీరిగ్గా గొంతు అతికించే సౌకర్యం అప్పటికి వాళ్లకు లేదు. బొమ్మనూ ధ్వనినీ ఒకేసారి పట్టుకోవాలి. కెమెరా చప్పుడు మైకులో పడకుండా దాన్ని ఒక చిన్న గదిలో బంధించేవారు. ఇద్దరిలో ఎవరు తడబడినా ఆ ముక్క ఇద్దరికీ మళ్లీ మొదలే. బ్రిటిష్ టాకీల తొలి కథానాయికల్లో ఒకరైన ఆలిస్ ఇలా పుట్టింది. తెర మీద పేర్లు పడేటప్పుడు మాత్రం ఓండ్రా పేరే ఉంటుంది, బారీ పేరు ఉండదు.

సినిమా చరిత్రలో ఇది ఒక ముచ్చటగా మిగిలిపోయింది. చెక్ యాస ఉన్న నటి టాకీలు రాగానే చిక్కులో పడింది, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక ఉపాయం పన్ని సినిమాను గట్టెక్కించాడు అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ చెప్పే తీరులో తెలివంతా దర్శకుడిది, లోపమంతా ఓండ్రాది, బారీ ఒక పరికరం. నాకు దీని మీద గట్టి అభ్యంతరం ఉంది. ఆలిస్ పాత్రను ఇద్దరు కలిసి పోషించారు. నటనను తూచే తూకంలోనే ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పాత్రకు ఎవరు ఏమిచ్చారు, మొత్తం శరీరమూ మొత్తం గొంతూ తమ చేతిలో ఉన్నప్పుడు ఎవరు ఏం చేయగలిగారు అన్నది వాళ్ల మిగతా సినిమాల సాయంతోనే తేలుతుంది.

ఓండ్రా 1902లో టార్నూవ్‌లో పుట్టింది. అప్పట్లో ఆ ఊరు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. పెరిగింది ప్రాగ్ నగరంలో. ఇరవై ఏళ్లు నిండకముందే దర్శకుడు, నటుడు కారెల్ లమాచ్‌తో కలిసి చెక్ మూగ సినిమాల్లో పేరు తెచ్చుకుంది. ఆమె అసలు బలం హాస్యం. పడటం, లేవటం, తలుపు సందులోంచి దూరటం, ఒక్క చూపుతో ఎదుటివాడి గాంభీర్యాన్ని నీరుగార్చటం ఆమెకు సహజంగా వచ్చిన విద్య. 1928లో 'సాక్సఫోన్ సూజీ' లాంటి సినిమాలతో జర్మనీ ప్రేక్షకులకు దగ్గరైంది. అదే ఏడాది గ్రాహం కట్స్ తీసిన చిత్రాలతో ఇంగ్లండు చేరింది. మూగ సినిమాకు దేశాల సరిహద్దులు పెద్దగా పట్టేవి కావు. చెప్పాల్సిన మాటను ఏ భాషలోనైనా అచ్చువేసి తెర మీద చూపిస్తే సరిపోయేది, నటి ఏ ఊరిదని అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

హిచ్‌కాక్ పూర్తి మూగ చిత్రాల్లో చివరిదైన 'ది మ్యాంక్స్‌మన్' 1929 ఆరంభంలో వచ్చింది. మాన్ దీవి జాలరుల కథ, చాలా భాగం కార్న్‌వాల్ తీరంలో తీశారు. కేట్ అనే అమ్మాయిని ఇద్దరు స్నేహితులు ప్రేమిస్తారు. ఒకడు జాలరి, ఇంకొకడు న్యాయవాది. జాలరి సముద్రం దాటి వెళ్లి చనిపోయాడని కబురొస్తుంది, కేట్ న్యాయవాదికి దగ్గరవుతుంది. ఆ తర్వాత జాలరి బతికి తిరిగొస్తాడు. ఓండ్రా ఇందులో తన హాస్యాన్ని పక్కన పెట్టి, బరువైన పాత్రను ఏ ఆర్భాటమూ లేకుండా మోసింది. మొదట్లో పందిరి మీద పిట్టలా ఉన్న పిల్ల సినిమా చివరికి న్యాయస్థానంలో, ఆత్మహత్యకు ప్రయత్నించిన నేరస్తురాలిగా, తన బిడ్డ తండ్రి ఎదుటే నిలబడుతుంది. అతనే అక్కడ న్యాయమూర్తి. ఆ మధ్య దూరమంతా ఆమె భుజాల్లో, మెడ వంపులో కనిపిస్తుంది.

ఆ సినిమాలో ఒక చోటు ఈ వ్యాసానికి చాలా ముఖ్యం. తాను గర్భవతినని కేట్ న్యాయవాదికి చెప్పే ఘట్టంలో అక్షరాల పలక వేయలేదు. ఓండ్రా పెదవుల కదలికను బట్టే ప్రేక్షకుడు ఆ ఇంగ్లీషు వాక్యాన్ని చదువుకోగలడు. ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫో కూడా హిచ్‌కాక్‌తో జరిపిన సుదీర్ఘ సంభాషణలో దీన్ని ప్రస్తావించాడు. అంటే ఆ ఏడాది మొదట్లో ఇంగ్లండు ప్రేక్షకులు ఓండ్రా నోట ఇంగ్లీషును కళ్లతో చదివి అర్థం చేసుకున్నారు. కొద్ది నెలల తర్వాత అదే నోరు చెవికి పనికిరాదని స్టూడియో నిర్ణయించింది.

ఆ నిర్ణయానికి ముందు జరిగిన ధ్వని పరీక్ష ఫిల్ము ముక్క ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. హిచ్‌కాక్, ఓండ్రా పక్కపక్కనే నిలబడి ఉంటారు. మాట్లాడించే నెపంతో అతను ఆమెతో మోటు సరసాలాడతాడు, ఆమె శీలం గురించి వెకిలి ప్రశ్నలు వేస్తాడు. ఆమె సిగ్గుతో నవ్వి మొహం పక్కకు తిప్పుకుంటుంది. దీన్ని సరదా సన్నివేశంగా చూపించడం అలవాటు. నాకు మాత్రం చూస్తున్నంతసేపూ ఇబ్బందిగా ఉంటుంది. ఉద్యోగం నిలుస్తుందో లేదో తేల్చే పరీక్షలో నిలబడిన మనిషికి అలాంటి ప్రశ్నలకు నవ్వడం తప్ప వేరే దారి ఉండదు. అయినా ఆ కొద్ది క్షణాల్లో ఆమె గొంతు మనకు దొరుకుతుంది. తేలికైన గొంతు, నవ్వు కలిసిన గొంతు. యాస ఉంది, నిజమే. కానీ ప్రతి మాటా అర్థమవుతుంది. వినలేని గొంతు అని ఎవరూ అనలేరు.

మరి అడ్డేమిటి? ఆలిస్ లండన్‌లోని చెల్సీలో పొగాకు, పత్రికలు అమ్మే దుకాణదారు కూతురు. ఆ ఇంటి పిల్ల చెక్ యాసతో మాట్లాడితే నమ్మరన్నది స్టూడియో వాదన. న్యాయంగానే వినిపిస్తుంది. అయితే ఆ స్థానంలో పెట్టిన గొంతును శ్రద్ధగా వినండి. జోన్ బారీది లండన్ నాటకశాలల్లో సానబెట్టిన ఉచ్చారణ. ప్రతి అక్షరమూ శుభ్రంగా, కాస్త పై మెట్టు మీద నిలబడి పలుకుతుంది. వెనక గదిలో కాపురముండి ముందు గదిలో సిగరెట్లు అమ్ముకునే కుటుంబంలో ఆ గొంతు పుట్టదు. తల్లిగా వేసిన శారా ఆల్‌గుడ్, కబుర్ల పొరుగింటామెగా వేసిన ఫిలిస్ మంక్‌మన్ మాట్లాడుతుంటే, అదే గదిలో ఆలిస్ వేరే పేటనుంచి చుట్టపుచూపుగా వచ్చినట్టుంటుంది. పరాయి దేశపు యాస తీసి పరాయి వర్గపు యాస పెట్టారు. మొదటిది లోపమైంది. రెండోదాన్ని లోపంగా ఎవరూ ఎంచలేదు.

ఇది ఓండ్రా ఒక్కరి కథ కాదని మేబెల్ పౌల్టన్ జీవితం చెబుతుంది. ఆమె లండన్‌లోనే పుట్టింది, 1928లో 'ది కాన్‌స్టంట్ నింఫ్'తో పెద్ద తార అయింది. టాకీలు వచ్చాక ఆమె కాక్నీ యాస, అంటే తూర్పు లండన్ శ్రామికుల మాట, అడ్డొచ్చి వేషాలు తగ్గిపోయాయి. సోహో వీధుల్లో పుట్టిన జెస్సీ మాథ్యూస్ ఉచ్చారణ పాఠాలు నేర్చుకుని, పుట్టింటి యాసను వదిలించుకుని 1930ల బ్రిటిష్ సంగీత చిత్రాల రాణి అయింది. వీళ్లకు పూర్తిగా వ్యతిరేక దిశలో గ్రేసీ ఫీల్డ్స్ తన లాంకషైర్ యాసతోనే 1931లో 'శాలీ ఇన్ అవర్ ఆలీ' చేసి జనాన్ని ఊపేసింది. టిక్కెట్టు కొనే ప్రేక్షకుడికి యాస మీద అంత ద్వేషం లేదని ఫీల్డ్స్ విజయం చూపింది. అది తెలిసే నాటికి ఓండ్రా ఇంగ్లండు వదిలి వెళ్లిపోయింది.

తెలుగు ప్రేక్షకులకు ఒకరి ముఖం మీద ఇంకొకరి గొంతు కొత్త కాదు. రోజారమణి, సరిత, సునీత, చిన్మయి ఎందరు కథానాయికలకు ప్రాణం పోశారో మనకు తెలుసు. 'ఏ మాయ చేశావే'లో సమంతను తలచుకుంటే చిన్మయి గొంతు కూడా వినిపిస్తుంది. అందుకే మహిళా డబ్బింగ్ కళాకారులకు నంది పురస్కారాల్లో విడిగా ఒక విభాగమే ఉండేది. ఆ అలవాటు ఉన్న చెవితో 'బ్లాక్‌మెయిల్' వింటే బారీ కష్టం ఇట్టే తెలుస్తుంది. మన డబ్బింగ్ కళాకారిణి పూర్తయిన దృశ్యాన్ని ఎదురుగా పెట్టుకుని, ఊపిరి ఎక్కడ తీయాలో చూసుకుని, కుదరకపోతే ఆ ఒక్క ముక్కే మళ్లీ చెబుతుంది. బారీకి ఆ వెసులుబాటు ఏదీ లేదు. ఎదురుగా నడుస్తున్న దృశ్యంలోకి, మరొకరి పెదవుల వేగంతో, అప్పటికప్పుడు దూకాలి.

దాని ఫలితం చిత్రకారుడి గదిలో జరిగే పొడవాటి ఘట్టంలో కనిపిస్తుంది. క్రూ అనే చిత్రకారుడు ఆలిస్‌ను తన గదికి పిలుస్తాడు. ఆలిస్ కుంచె పట్టుకుని తెల్లటి బట్ట మీద ఒక వంకర ముఖం గీస్తుంది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆ ముఖం కింద నగ్న దేహం గీయిస్తాడు. నర్తకి గౌను చూసి ఆమె మోజుపడుతుంది, తొడుక్కుంటుంది. అతను పియానో వాయిస్తూ పాడతాడు. ఈ భాగమంతటా ఓండ్రా శరీరం ఒక కథ చెబుతుంటే బారీ గొంతు ఇంకో కథ చెబుతుంది. శరీరంలో కుతూహలం, భయం, తనను తాను పరీక్షించుకునే చిలిపితనం మాటిమాటికీ చోటు మార్చుకుంటాయి. గొంతులో మర్యాదస్తురాలైన అమ్మాయి సంకోచం ఒక్కటే ఉంది. ఈ లోటును బారీ మీద వేయలేను. గొంతులోని తడి ఒంట్లోని కదలికనుంచి పుడుతుంది. నటి గౌను చేతిలోకి తీసుకుని ఆ బట్ట తాకిడితో ఒక మాట అంటే దానికొక రంగు వస్తుంది. బారీ చేతిలో ఏ గౌనూ లేదు, ఎదురుగా మైకు మాత్రమే ఉంది.

ఓండ్రాకు మాత్రం ఈ ఏర్పాటు వల్ల అనుకోని మేలు ఒకటి జరిగిందని నా అభిప్రాయం. ఆ ఏటి టాకీల్లో నటులు మైకు ఎక్కడుందో తెలిసినట్టే నిలబడతారు. ఈ సినిమాలోనే ప్రియుడు ఫ్రాంక్‌గా వేసిన జాన్ లాంగ్డెన్ మాట్లాడేటప్పుడు కొయ్యబారిపోతాడు. గొంతు పట్టించే బాధ్యత లేని ఓండ్రా మూగ సినిమా నాటి స్వేచ్ఛను టాకీలోకి తెచ్చుకుంది. ఆత్మరక్షణలో తెర చాటున క్రూను చంపాక ఆలిస్ కత్తి పట్టుకుని బయటికొచ్చే తీరు చూడండి. నడక ఉంది, నడిచే మనిషి లేదు. గోడ మీద విదూషకుడి బొమ్మ వేలు చూపి నవ్వుతుంటే చేత్తో చింపేస్తుంది. తాను సంతకం పెట్టిన బొమ్మ మీద తన పేరు చెరిపేస్తుంది. ఆ తర్వాత రాత్రంతా లండన్ వీధుల్లో తిరుగుతుంది. ఏ చాచిన చెయ్యి చూసినా శవం చెయ్యే. దీపాల ప్రకటన పలకలో కదిలే బొమ్మ కత్తిలా కనిపిస్తుంది. ఈ భాగంలో ఆలిస్‌కు దాదాపు మాటల్లేవు. బ్రిటిష్ తొలి టాకీల్లో ఇంత సంపూర్ణమైన నటన ఇంకొకటి నేను చూడలేదు.

తెల్లవారాక ఆలిస్ ఇంట్లో పలహారాల వేళ వచ్చే ఘట్టం గురించి ఎంతోమంది రాశారు. గుమ్మంలో నిలబడిన పొరుగింటామె హత్య గురించి వాగుతుంటే మిగతా మాటలన్నీ మసకబారి కత్తి అనే మాట ఒక్కటే పదేపదే చెవిలో గుచ్చుకుంటుంది. రొట్టె కోయమని తండ్రి అంటాడు. చేతిలోంచి కత్తి ఎగిరి పడుతుంది. ధ్వనిని కథ చెప్పే సాధనంగా వాడిన తొలి గొప్ప ఉదాహరణగా దీన్ని పాఠాల్లో చెబుతారు, అది న్యాయమే. అయితే ఆ ధ్వని ఎవరి చెవిలో మోగుతోందో మనకు చెప్పింది ఓండ్రా ముఖం. పొరుగింటామె మాట మీద కెమెరా ఉంటే అది వట్టి వాగుడు. ఓండ్రా కళ్ల మీద ఉంది కాబట్టి భయం. గొంతు పనికిరాదని తోసేసిన నటి వినడంలో చూపిన ప్రతిభ మీదే ఈ టాకీ కీర్తి నిలబడి ఉండటం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

అప్పటికి ధ్వని పరికరాలు లేని థియేటర్లే ఎక్కువ కాబట్టి అదే ఏడాది మూగ 'బ్లాక్‌మెయిల్' కూడా విడుదలైంది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని పునరుద్ధరించి 2012లో, కథలో చివరి వేట జరిగే బ్రిటిష్ మ్యూజియం ఆవరణలోనే ప్రదర్శించింది. ఓండ్రా ఆలిస్‌ను పూర్తిగా చూడాలంటే ఆ ప్రతిలోనే చూడాలి. అందులో చిత్రకారుడి గది ఘట్టం ఎంత బిగువుగా ఉంటుందంటే, టాకీలోని అదే ఘట్టం సాగదీసినట్టుంటుంది. రెండు ప్రతులూ ఒకేసారి తయారయ్యాయి కాబట్టి ఒక పాత్రను మాటలతోనూ మాటలు లేకుండానూ పోల్చి చూసే ఇలాంటి అవకాశం విమర్శకుడికి అరుదుగా దొరుకుతుంది.

ఇక బారీ. 1903లో లండన్‌లో పుట్టింది. 1922 నుంచే మూగ సినిమాల్లో వేషాలు వేసింది, అంటే 'బ్లాక్‌మెయిల్' నాటికి ఆమె కొత్త మనిషి కాదు. అదే ఎల్‌స్ట్రీలో అదే ఏడాది ఇ. ఎ. డ్యూపాంట్ టైటానిక్ ఓడ ప్రమాదం ఆధారంగా తీసిన 'అట్లాంటిక్'లో ఒక చిన్న పాత్రలో తెర మీదే కనిపించింది. ఆ సినిమాను ఇంగ్లీషులో ఒక నటబృందంతో, జర్మన్‌లో ఇంకో నటబృందంతో తీశారన్నది గమనించాల్సిన సంగతి. కొన్ని నెలల కిందట ఒక పాత్రను ఇద్దరికి పంచిన కంపెనీ, ఇప్పుడు ఒక కథను రెండు బృందాలకు పంచింది. భాష సినిమాను ఎన్ని ముక్కలు చేయగలదో ఆ స్టూడియో ఒక్క ఏడాదిలో నేర్చుకుంది.

1931లో హిచ్‌కాక్ ఆమెకు ఒక ప్రధాన పాత్ర ఇచ్చాడు. 'రిచ్ అండ్ స్ట్రేంజ్'లో ఎమిలీ హిల్. బతుకు మీద విసిగిన గుమాస్తా ఫ్రెడ్‌కు ఒక బంధువు ఇచ్చిన డబ్బు కలిసొస్తుంది, భార్యాభర్తలు ప్రపంచయాత్రకు బయలుదేరుతారు. పారిస్, పోర్ట్ సయీద్, కొలంబో, సింగపూర్. దారిలో భర్త రాకుమారినని చెప్పుకునే ఒక మోసగత్తె వలలో పడతాడు. భార్యకు గోర్డన్ అనే మంచివాడు తారసపడతాడు. సినిమా ఆడలేదు. విమర్శకులూ చాలాకాలం పక్కన పెట్టారు. దాని నిర్మాణంలో ఒక వింత ఉంది. టాకీ అయినా చాలా భాగం మూగ చిత్రంలా నడుస్తుంది, అక్షరాల పలకలు కూడా వస్తాయి. గొంతు కోసం పిలిపించుకున్న నటికి చివరికి సొంత పాత్ర దొరికితే అందులో మాటలు తక్కువ.

ఆ మాటలు తక్కువైన సినిమాలో బారీ ఎంత మంచి నటో బయటపడింది. ఎమిలీ మొదట్లో ఇంటి చాకిరీలో మునిగిన, భర్త గొణుగుడుకు అలవాటు పడిన ఇల్లాలు. ఓడ డెక్కు మీద గోర్డన్‌తో మాట్లాడే ఘట్టాల్లో బారీ గొంతు మెల్లగా విచ్చుకుంటుంది. 'బ్లాక్‌మెయిల్'లో మెట్టు దిగనని మొండికేసిన ఉచ్చారణే ఇక్కడ పాత్రకు అమరింది, ఎందుకంటే ఎమిలీ మర్యాదను కవచంగా తొడుక్కున్న మనిషి. వాక్యం మధ్యలో ఆగి, దాన్ని పూర్తి చేయకుండానే వదిలేయడం ఆమె ప్రత్యేకత. గోర్డన్ మీద ప్రేమ పెరుగుతున్నదని ఆ అసంపూర్తి వాక్యాల వల్లే మనకు తెలుస్తుంది. తన భర్తను అతను బోలు మనిషని తీసిపారేసినప్పుడు ఆమె మారిపోయే తీరు ఈ సినిమాకు గుండెకాయ. ప్రియుడు చెప్పింది నిజమేనని తెలిసీ, ఆ నిజం అతని నోట వినడం భరించలేక ఆమె భర్త దగ్గరికి తిరిగి వెళుతుంది. ఈ మలుపు కాగితం మీద నమ్మశక్యంగా ఉండదు. బారీ నమ్మించింది. దానికి ఆమె గొంతు, ముఖం ఒకేసారి కావలసి వచ్చాయి.

ఇద్దరి మధ్య తేడా ఈ సినిమాతో నాకు స్పష్టమైంది. ఓండ్రా భావాన్ని బయటికి విసురుతుంది. దేహమంతా దాని వెంట పోతుంది. బారీ భావాన్ని లోపలికి లాక్కుంటుంది. మనం దగ్గరికి వెళ్లి వినాలి. ఇంత వేర్వేరు స్వభావాలున్న ఇద్దరిని ఒక పాత్రలో కలపాలనుకున్నప్పుడు అతుకు కనిపించకుండా ఎలా ఉంటుంది? ఓండ్రా దేహానికి తగిన గొంతు ఓండ్రాదే. బారీ గొంతుకు తగిన నిదానం బారీ ముఖంలోనే ఉంది.

ఆ తర్వాత బారీ తొందర తొందరగా సినిమాలు చేసింది. 1932లో 'సాలీ బిషప్'లోనూ, 1933లో 'మిసెస్ డేన్స్ డిఫెన్స్'లోనూ పేరే సినిమాకు పెట్టిన పాత్రలు. 1932 నాటి 'రోమ్ ఎక్స్‌ప్రెస్' వీటిలో మేలైనది. రైల్లో భర్తకు తెలియకుండా ప్రియుడితో ప్రయాణిస్తున్న ఇల్లాలి వేషం. బెదురు, మర్యాద కలిసిన పాత్ర కాబట్టి బాగా అమరింది. ఆ సినిమాలో ప్రతినాయకుడు జర్మన్ నటుడు కాన్రాడ్ ఫైట్. అతని ఇంగ్లీషులో యాస గట్టిగానే ఉంటుంది. దాన్ని ఎవరూ లోపమనలేదు. యాస ఆ పాత్రకు మెరుగుపెట్టింది. మూడేళ్ల ముందు ఆలిస్‌కు దక్కని అనుమతి అతనికి దక్కింది. పరాయి యాస ప్రతినాయకుడికి పనికొస్తుంది, ప్రేమించదగిన ఇంటి పిల్లకు పనికిరాదు అని ఆ స్టూడియోలు తీర్మానించుకున్నాయని దీన్నిబట్టి అర్థమవుతుంది. 1930ల మధ్యలో బారీ పెళ్లి చేసుకుని నటనకు దూరమైంది. ఆ తర్వాత అర్ధశతాబ్దం బతికి 1989లో స్పెయిన్‌లో కన్నుమూసింది.

ఓండ్రాను టాకీలు ముంచేశాయనే మాట ఇంగ్లండు నుంచి చూస్తేనే నిజం. బెర్లిన్, ప్రాగ్‌ల నుంచి చూస్తే పూర్తిగా తప్పు. 1930లో లమాచ్‌తో కలిసి బెర్లిన్‌లో తన పేరుతోనే నిర్మాణ సంస్థ పెట్టింది. వరసగా టాకీలు చేసింది. 1931లో చెక్ హాస్యనటుడు వ్లాస్తా బురియన్‌తో చేసిన సినిమాను చెక్, జర్మన్ భాషలు రెండింటిలోనూ తీశారు. అదే ఏడాది 'డీ ఫ్లెడెర్‌మౌస్', మరుసటి ఏడాది 'కికి'. గంతులు వేస్తూ, పాడుతూ, గబగబా మాట్లాడుతూ తెరంతా తానై తిరిగింది. ఎల్‌స్ట్రీలో పనికిరాని గొంతుతోనే ఆమె మధ్య ఐరోపా అంతటా ప్రేక్షకులను సంపాదించింది. లోపం ఆ గొంతులో ఉంటే ఇది జరిగేది కాదు.

అయితే ఆమెను బాధితురాలిగా మాత్రమే చూపించే రాతలు కూడా నాకు సమ్మతం కాదు. 1933లో ఆమె జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్‌ను పెళ్లాడింది, నాజీ పాలనలో నటిస్తూనే ఉంది. 1936లో ష్మెలింగ్ అమెరికాలో జో లూయిస్‌ను ఓడించిన రాత్రి ఆమె ఆ పోటీని నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ ఇంట్లో కూర్చుని రేడియోలో విన్నది. ఆమెను తీర్చిదిద్దిన లమాచ్ తర్వాత జర్మనీ వదిలి, యుద్ధకాలంలో ఇంగ్లండులో సినిమాలు తీశాడు. ఇద్దరి దారులూ ఎక్కడికి చేరాయో చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఓండ్రా 1987లో జర్మనీలో మరణించింది. నటిగా ఆమెను ఎంత మెచ్చుకున్నా ఈ సంగతులు పక్కన పెట్టే హక్కు మనకు లేదు.

ప్రతిభలో ఎవరు గొప్ప అని అడిగితే తడుముకోకుండా ఓండ్రా అంటాను. ఎవరికి ఎక్కువ అన్యాయం జరిగిందంటే మాత్రం బారీ పేరే చెబుతాను. ఓండ్రాకు 'బ్లాక్‌మెయిల్'లో పేరు దక్కింది, ముఖం మిగిలింది, హిచ్‌కాక్ బంగారు జుట్టు కథానాయికల వరసలో తొలి స్థానం ఇచ్చి ఎందరో వ్యాసాలు రాశారు. బారీ కూడా బంగారు జుట్టు నటే, అదే దర్శకుడికి ప్రధాన పాత్ర చేసిన నటే. అయినా ఆమెను ఆ వరసలో తలచుకునేవాళ్లు తక్కువ. సినిమా గురించి రాసే ప్రతివాళ్లూ ఆమె గొంతు సరిపోలేదంటారు. నేనూ పైన అదే అన్నాను. ఏయే చోట్ల సరిపోయిందో మాత్రం ఎవరూ వెతకరు.

అలాంటి చోటు ఒకటి ఉంది. సినిమా చివర్లో స్కాట్లండ్ యార్డులో, నేరం ఒప్పుకోవడానికి వచ్చిన ఆలిస్ అధికారి గది బయట ఫ్రాంక్‌తో ఒంటరిగా మాట్లాడుతుంది. చిత్రకారుడి గదిలో తనకేం జరిగిందో ఆమె నోరు తెరిచి చెప్పలేదు. ఆత్మరక్షణ కోసమే అలా చేశానని అర్థమయ్యేలా కొన్ని ముక్కలు మాత్రం పలుకుతుంది. వాటి మధ్య ఖాళీలే ఎక్కువ. మూగ ప్రతిలో ఈ పనంతా ఓండ్రా కళ్లు, చేతులు చేస్తాయి, బాగానే చేస్తాయి. కానీ చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో చూపించాలంటే చెప్పబోయి ఆగిన గొంతు వినిపించాలి. బారీకి వాక్యాన్ని తుంచడం తెలుసు. రెండేళ్ల తర్వాత ఎమిలీలో పూర్తిగా వికసించబోయే ఆ విద్య ఇక్కడ కొద్ది క్షణాలు మెరుస్తుంది. అప్పటిదాకా ఓండ్రా పెదవుల వెంట పరిగెత్తిన గొంతు ఈ ఒక్క ఘట్టంలో ముందు నడుస్తుంది, ఓండ్రా ముఖం దాన్ని అనుసరిస్తుంది. రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ తక్కిన ఘట్టాల్లో మూగ ఆలిస్‌కే ఓటు వేస్తాను. స్కాట్లండ్ యార్డు ఘట్టంలో మాత్రం టాకీ ఆలిస్‌కు, అంటే ఆ ఇద్దరికీ కలిపి.